జరగని ఆటల బిళ్ళ

కిటికీ గూట్లో పేరుకున్న నల్ల బొగ్గు పొడిని తుడవడంతో షబ్నం పని మొదలైంది. రేవు వైపు నుంచి గాలి వీచిన రోజున కోట వీధిలో ఏ ఇంటికైనా ఇదే మొదటి పని. ముందు తడిగుడ్డ, తరువాత పొడిగుడ్డ, ఆ తరువాత తన చేతులు మోచేతుల దాకా సబ్బుతో. చేతులు పూర్తిగా ఆరేదాకా బల్ల మీద దేన్నీ ముట్టుకోకూడదు. "అన్నం వండబోయే ముందు కడిగినట్టు కాదు బేటీ. పసిపిల్లని ఎత్తుకోబోయే ముందు కడిగినట్టు కడుగు," అని పనిలో చేరిన రోజునే చెప్పాడు మొహియుద్దీన్ చాచా. ఆ మాట ఆమెకి మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

లోపలి గదిలో చాప మీద ఆమె కూతురు షిరీన్ కూచుని ఉంది. మూడేళ్ళు దాటినా దగ్గు తగిలితే ఆయాసపడిపోయే పిల్ల. షబ్నం చెవి ఒకటి ఎప్పుడూ ఆ గదిలోనే ఉంటుంది. ఎక్కడ పని అడిగినా పిల్లని ఎవరి దగ్గరైనా దింపి రమ్మన్నారు. ఈ ఇంటి షరీఫున్నీసా చాచీ ఒక్కతే, "ముందు పిల్లని తే. నువ్వు వస్తే వచ్చావు, లేపోతే లేదు," అంది నవ్వుతూ. ఆ మాటకి రోజూ ఈ గడప దాటేటప్పుడు మనసులో ఒక షుక్రియా చెప్పుకోవడం షబ్నంకి అలవాటైపోయింది.

మొహియుద్దీన్ బల్ల ముందు కూచుని కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. ఒకప్పుడు రేవులో ఆగిన ఓడలకి కూరలు, మాంసం సరఫరా చేసిన మనిషి. ఇప్పుడు కుడి చెయ్యి వణుకుతుంది. తపాలా బిళ్ళలు పట్టుకునే చిన్న పట్టకారు ఆ చేతికిస్తే పిచ్చుకలా కొట్టుకుంటుంది. అందుకని చూపు ఆయనది, చెయ్యి షబ్నంది.

నాలుగేళ్ళకోసారి దేశాలన్నీ కలిసి ఆడే ఆటలకి బిళ్ళలు వేస్తారు, లోకంలో అందరూ జరిగిన ఆటల బిళ్ళలు దాచుకుంటారు. ఈయన జరగని ఆటలవి దాచాడు. పంతొమ్మిది వందల పదహారులో బెర్లిన్‌లో జరగాల్సినవి, నలభైలో ముందు టోక్యోలో అనుకుని తరువాత హెల్సింకీకి మార్చినవి, నలభై నాలుగులో లండన్‌వి. ప్రతిసారీ యుద్ధం వచ్చి ఆటల్ని మింగేసింది. అప్పటికే వేసిన బిళ్ళలు, జనం సరదాకి కవర్ల మీద అంటించుకునే రంగు లేబుళ్ళు మాత్రం మిగిలిపోయాయి.

"పెళ్ళి ఆగిపోయాక మిగిలిన శుభలేఖల్లాగన్నమాట," అని షబ్నం ఒకసారి అంటే, ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. తరువాత వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పాడు, ఆమె అన్నదనే చెప్పాడు.

బల్ల మీద ఎడమ పక్కన సత్తు పళ్ళెం, కుడి పక్కన అట్టపెట్టె. పళ్ళెంలో వేసినవి నీళ్ళకి. ఆఫీసు కవర్ల నుంచి కత్తిరించిన మామూలు బిళ్ళలు అవి. నానబెట్టి వెనక కాగితం ఊడదీసి, ఆరబెట్టి వీధిలో పిల్లలకి పంచుతాడు. పెట్టెలో వేసినవి ఆదివారం బీచ్ రోడ్డు హాల్లో జరిగే ప్రదర్శనకి. ఆ గురువారమంతా ఆయన ఒక్కొక్కటే కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి అటో ఇటో వేస్తున్నాడు.

పొద్దు వాలే వేళ అసర్ నమాజుకి అజాన్ వినపడేసరికి ఆయన చేతిలో ఒక పాత కవరు ఉంది. ఫిన్లండ్ నుంచి బొంబాయికి వచ్చిన కవరు. స్టాంపు పక్కన ఒక లేబుల్, దాని మీద భూగోళం మీదుగా పరుగు తీస్తున్న మనిషి బొమ్మ. తపాలా ముద్ర సగం లేబుల్ మీద, సగం కవరు మీద పడింది. ఆయన చెయ్యి గాలిలో కొంచెంసేపు ఆగింది. తరువాత కవరుని పళ్ళెంలో పెట్టి, బల్ల పట్టుకుని లేచి, టోపీ వెతుక్కుంటూ మసీదుకి వెళ్ళిపోయాడు.

షబ్నం పళ్ళెం వైపు చూసింది. కత్తిరించని కవరు నీళ్ళకి రావడం ఆమె ఇంతవరకూ చూడలేదు. గుమ్మం దాకా వెళ్ళింది కూడా, అడుగుదామని. ఆయన అప్పటికే మలుపు తిరిగిపోయాడు. పొద్దుట్నుంచి అడిగినవి చాలు అనిపించింది. కిందటి వారం ఆయన స్నేహితుడు గవర్రాజు, "ఈ అమ్మాయి పని కన్నా ప్రశ్నలు ఎక్కువ సేత్తది బావా," అన్నాడు. సరదాకే అన్నాడేమో. కానీ పని పోతుందేమోనని భయపడేవాళ్ళకి సరదా మాట ఏది, కాని మాట ఏది అని తెలుసుకోవడం కష్టం.

గోరువెచ్చని నీళ్ళు వెడల్పు గిన్నెలో పోసింది. రంగు దిగకుండా చిటికెడు ఉప్పు. ముందు మామూలు ముక్కలు వేసింది. చివర కవరుని, బొమ్మ పైకి ఉండేలా, రెండు చేతులతో నీళ్ళ మీద వదిలింది. అది తేలింది. లోపలి గదిలో షిరీన్ రెండు సార్లు దగ్గింది. షబ్నం అటు తిరిగి, పిల్ల మళ్ళీ ఆటలో పడేదాకా చూసి, ఇటు తిరిగేసరికి, పాల మీద మీగడ జరిగినట్టు లేబుల్ నెమ్మదిగా జరిగి కవరుని వదిలేసింది.

అప్పుడే గవర్రాజు వచ్చాడు. ఉక్కునగరం నుంచి బండి మీద వచ్చినవాడు వచ్చినట్టే హెల్మెట్‌తో బల్ల దగ్గరికి వచ్చి, గిన్నెలోకి చూసి, చేతిలో అట్టల సంచిని నేల మీద పెట్టాడు.

"ఏటి సేసావమ్మా," అన్నాడు.

గట్టిగా అనలేదు. అంటే బాగుండేది.

"నీళ్ళకి పెట్టారండి."

"ఎవరు పెట్టారు?"

షబ్నం నోరు తెరిచింది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపించింది. మొహియుద్దీన్ లోపలికి వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, గిన్నె చూసి, కుర్చీలో కూచున్నాడు.

గవర్రాజు కవరుని రెండు వేళ్ళతో ఎత్తాడు. స్టాంపు ఇంకా పట్టుకునే ఉంది. దాని పక్కన లేబుల్ ఉన్నచోట లేత చదరం, దాని అంచున సగం ముద్ర. "రెండూ కలిసుంటేనే కదా బావా దీని గొప్ప. ఇప్పుడిది ఒట్టి కవరు, అది ఒట్టి బిళ్ళ. మన ఊళ్ళో ఇలాంటిది ఇంకోటి లేదని బహుమతులిచ్చే జ్యూరీ ఆయనకి కూడా సెప్పి పెట్టాను." ఆగి, అప్పుడు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నాను ముందే సెప్పాను నీకు. సదువు మద్దెలో ఆపేసినోల్ల సేతికి ఇలాంటియి ఇవ్వకు అని. ఏది కడగాలో ఏది కడక్కూడదో ఎలా తెలుస్తది? ఇయ్యాల ఈవిడ కడిగింది. రేపు ఆ పిల్లొచ్చి నాకేత్తది."

మొదటి మాటని షబ్నం ఓర్చుకుంది. పిల్ల మాట రాగానే చెవులు వేడెక్కాయి. మొహియుద్దీన్ వైపు చూసింది. ఆయన తన కుడి చేతిని ఎడమ చేత్తో బల్ల కింద పట్టుకుని ఉన్నాడు.

"ఆరబెట్టు బేటీ," అన్నాడు. అంతే అన్నాడు.

ఆమె లేబుల్‌ని అరచేతి మీదకి తేల్చుకుని, బొమ్మ కిందికి ఉండేలా అద్దుడు కాగితం మీద పరిచింది. కవరుని కూడా రెండు కాగితాల మధ్య పెట్టి పైన లావు పుస్తకం పెట్టింది. చేతులు పని మరచిపోలేదు. కళ్ళే సరిగ్గా ఆనలేదు.

సాయంత్రం ఇంట్లో, బియ్యం కడుగుతూ, జరిగింది భర్త షానవాజ్‌కి చెప్పింది. అతను ఆటోనగర్‌లో వెల్డింగ్ పని ముగించుకుని వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఆయనే పెట్టాడని సెప్పకపోయావా."

"ఎలా చెప్తాను? ఎదురుగా స్నేహితుడున్నాడు. ముసలాయనకి చెయ్యే పోయిందనుకుంటన్నారు, ఇప్పుడు గుర్తు కూడా పోతందని నా నోటితో చెప్పాలా?"

"మరి సెప్పకపోతే నీ మీదే ఉంటది కదా."

"ఉంటది."

"రేపు ఎల్లకు. కావాలంటే ఆల్లే కబురెడతారు."

షబ్నం బియ్యం నీళ్ళు వంపింది. చెప్తే ఆయన పరువు పోతుంది, ఆ తరువాత ఆ ఇంట్లో తన ముఖం ఎవరు చూస్తారు? చెప్పకపోతే తన చేతి మీద నమ్మకం పోతుంది, నమ్మకం లేని చేతిని ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? ఎటు తిప్పినా చివరికి షిరీన్‌ని చంకనేసుకుని ఇంకో గుమ్మం ముందు నిలబడడమే కనిపిస్తోంది. ఆ ఇంకో గుమ్మంలో చాచీ ఉండదు.

శుక్రవారం ఆలస్యంగా వెళ్ళింది. పాత పోస్టాఫీసు దగ్గర రెండు సార్లు ఆగింది. గడప దగ్గర చెప్పులు విప్పాలా వద్దా అని ఇంకా నిలబడే ఉంది, షరీఫున్నీసా లోపల్నుంచే అరిచింది: "ఇదేటి టైము? పిల్లకి కాచిన పాలు సల్లారిపోయాయి. మళ్ళీ కాయించావు నాతో."

షబ్నం చెప్పులు విప్పింది. పాలగ్లాసు అందుకుంటున్న షిరీన్ తల మీద చెయ్యి వేసి కాసేపు అక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాక గవర్రాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముఖంలో కోపం లేదు, హుషారుంది. జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పాడు. తుమ్మ జిగురు పలుకులు.

"పాతకాలంలో బిళ్ళల ఎనకాల ఇదే రాసేవోరు బావా. పల్సగా కలిపి ఎక్కడిదక్కడ పెట్టేత్తే సరి. ముద్ర గుండ్రం ఎలాగూ దారి సూపిత్తది. సగం ఇటు, సగం అటు. కలిసిందంటే ఎవడూ కనిపెట్టలేడు."

మొహియుద్దీన్ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు.

"నీ సెయ్యి ఎలాగూ పనికిరాదు, నా ఏళ్ళు లావు," అని గవర్రాజు షబ్నం వైపు తిరిగాడు. "నువ్వే సెయ్యాలమ్మా. నిన్న పాడుసేసింది నువ్వే కదా, ఇయ్యాల బాగుసేత్తే లెక్క సరిపోద్ది."

లెక్క సరిపోతుందన్న మాటకి షబ్నం ప్రాణం లేచొచ్చింది. చాచా వైపు చూసింది. ఆయన వద్దనలేదు, ఊఁ అనలేదు. ఆమె జిగురు పలుకుల్ని నీళ్ళలో నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, నీళ్ళపాల లాగా అయ్యేదాకా కలిపింది. అగ్గిపుల్ల చివరతో లేబుల్ వెనకాల రాసింది, మూలల దాకా రాకుండా. పిల్ల కంట్లో మందు వేసేటప్పుడు ఊపిరి ఎలా బిగబడుతుందో అలాగే బిగబట్టి, పట్టకారుతో ఎత్తి, లేత చదరం మీద ఆనించింది. ముద్ర కొంచెం తప్పింది. వెంట్రుకవాసి జరిపింది. గుండ్రం కలిసింది. అక్షరాలు, తేదీ, గీతలు అన్నీ ఈ పక్కనుంచి ఆ పక్కకి నడిచి వెళ్ళిపోయాయి, మధ్యలో ఏమీ జరగనట్టు.

గవర్రాజు భూతద్దం పెట్టి చూశాడు. మూలమూలా చూశాడు. "ఏదీ, ఎక్కడ? నాకే తెలట్లేదు." భూతద్దం దించి పెద్దగా నవ్వాడు. "సదువు లేకపోతే ఏటిలే, సెయ్యుంది. బావా, గోల్డు మెడలు మనదే. నీకిది ఆఖరి ప్రదర్శన అని నువ్వే అంటన్నావు కదా, ఒట్టి సేతుల్తో పంపుతానా నిన్ను."

పోయేటప్పుడు లోపలి గది గుమ్మంలో ఆగి షిరీన్‌కి బిస్కెట్టు పొట్లం ఇచ్చాడు. నాకేత్తది అన్న నోరే అది. అయినా షబ్నంకి ఆ పూట అతని మీద కోపం రాలేదు. తన చోటు తనకి మిగిలింది. అంతకన్నా ఏం కావాలి? అసలు ఏదీ విడిపోనేలేదు అన్నట్టు ఇంటికి నడిచింది.

శనివారం బిళ్ళల్ని అట్టల మీదకి ఎక్కించే పని. ఒక్కో అట్ట మీద బిళ్ళలు అమర్చాక, కింద రాయాల్సిన మాటలు చాచా చెప్తాడు, షబ్నం తెలుగులో రాస్తుంది. దాని పక్కన ఇంగ్లీషులో గవర్రాజు రాస్తాడు, రేపు పొద్దున్న. తొమ్మిదో తరగతిలో ఆపేసినా ఆమె అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి ఆనకుండా ఉంటాయి.

"బెర్లిన్, పంతొమ్మిది వందల పదహారు. యుద్ధం వల్ల జరగలేదు," అన్నాడు మొహియుద్దీన్. ఆమె రాసింది.

"టోక్యో, పంతొమ్మిది వందల నలభై. యుద్ధం వల్ల టోక్యో వదులుకుంది. జరగలేదు." రాసింది.

మూడో అట్ట మీద ఆ కవరుంది. ఆయన దాన్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. చూపుడువేలు లేబుల్ అంచు దాకా వెళ్ళి ముట్టుకోకుండా ఆగింది.

"హెల్సింకీ," అన్నాడు. "లేబుల్‌తో... లేబుల్‌తో టపాలో వచ్చిన..."

షబ్నం కలం పట్టుకుని ఎదురుచూసింది. ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

"కొంచెం నీళ్ళు తేమ్మా."

ఆమె కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తాగడానిక్కాదు. గోరెచ్చగా, గిన్నెలో తే."

గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు చాచా?"

"అది తీసేద్దారి."

"బాగానే అంటింది కదా. గవర్రాజు గారు కూడా తెలీలేదన్నారు."

"అదే. తెలీటం లేదు." ఆయన కళ్ళద్దాలు తీసి పెట్టాడు. "ఈ బిళ్ళలేసినోళ్ళు ఆటలు జరుగుతాయనుకుని ఏసారు బేటీ. జరగలేదు. జరగలేదనే ఊరుకున్నారు గానీ, జరిగినట్టు ఎవుడూ రాసుకోలేదు. అందుకే నాకియ్యంటే ఇష్టం. ఇన్నేళ్ళు పోగేసి, ఆఖర్న నాను జరిగినదాన్ని జరగనట్టు రాయనా?"

షబ్నం గ్లాసు బల్ల మీద పెట్టింది. నిన్నటి నుంచి నిలబడ్డ నేల మళ్ళీ కదిలినట్టయింది. అది తీసేస్తే తాను పాడుచేసినట్టు ఊరంతా చూస్తుంది. "గవర్రాజు గారు ఊరుకోరు చాచా. మళ్ళీ నన్నే..."

"పళ్ళెంలో పెట్టింది ఎవరు?"

ఆమె గ్లాసుని బల్ల అంచు నుంచి లోపలికి జరిపింది.

"నువ్వు సూసావా, నాను పెట్టడం?"

"చూసాను."

"సెప్పలేదేటి మరి?"

చెంగు అంచుని వేలికి చుట్టుకుంటూ షబ్నం నేల చూసింది. "చెప్తే మీకు... ఎలా ఉంటదోనని. పైగా ఇక్కడ కాకపోతే షిరీన్‌ని పెట్టుకుని ఎక్కడికెళ్ళను చాచా."

లోపలి గదిలో చాచీ పిల్లకి ఏదో చెప్తోంది, పిల్ల నవ్వుతోంది. మొహియుద్దీన్ ఆ నవ్వు ఆగేదాకా విన్నాడు.

"మసీదు మెట్లెక్కుతుంటేనే గుర్తొచ్చింది నాకు," అన్నాడు. "ఎటు పెట్టానా అని. ఎనక్కొచ్చేసరికి గవర్రాజు ఉన్నాడు. సదువు గురించి నిన్ను అంటన్నాడు. సెప్పొచ్చు. నోరు రాలేదు. సెయ్యి పోయిందని అందరికీ తెలుసు, ఇదీ పోయిందని తెలియటం..." అని నుదుటి మీద వేలు పెట్టుకున్నాడు. "నీకు పిల్ల భయం. నాకు ఇది భయం. నీ భయం మీద నా భయాన్ని కూడా మోపేసాను. మాఫ్ చెయ్యి బేటీ."

అంత పెద్దాయన ఆ మాట తనతో అనడం షబ్నం తట్టుకోలేకపోయింది. గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు పొయ్యి మీద పెట్టి, వేడి చూడడానికి వేలు ముంచి, ముంచిన వేలితోనే కళ్ళు తుడుచుకుంది.

ఈసారి తొందర లేదు. కవరుని నీళ్ళలో వేయలేదు. తడిపి పిండిన దూదిని లేబుల్ మీద పరిచి కూచుంది, ఆయన పక్కన కూచున్నాడు. షిరీన్ వచ్చి తల్లి ఒళ్ళో ఎక్కి, "ఏటి సేత్తన్నావ్," అంది. "పరిగెత్తే మామని లేపుతన్నాం," అన్నాడు ముసలాయన. జిగురు మెత్తబడింది. ఒక మూల లేచింది. షబ్నం పట్టకారు పట్టుకుని, లేబుల్‌ని దానంతట అది వచ్చినంతే రానిచ్చింది.

అది ఆరాక, కవరు పక్కన వేలెడు ఖాళీ వదిలి అట్ట మీద అమర్చింది. ముద్ర సగం ఇటు, సగం అటు. కింద ఆయన చెప్పినట్టు రాసింది: "ఈ లేబుల్ ఈ కవరు మీదే ఉండేది. కడగవలసినవాటిలో నేను పొరపాటున పెట్టడం వల్ల విడిపోయింది. మొహియుద్దీన్." 'నేను' అన్న ఒక్క మాట మార్చాలని ఆమె బతిమాలింది. ఆయన మార్చనివ్వలేదు.

ఆదివారం పొద్దున్నే హాల్లో అద్దాల చట్రాలు నిలబెట్టారు. షరీఫున్నీసా షిరీన్‌కి తన పెట్టెలోంచి తీసిన పాత జరీ దుపట్టా కుదించి కుట్టి వేసింది. గవర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంగ్లీషు రాయడానికి కలం తీస్తూ వచ్చాడు. మూడో అట్ట దగ్గర ఆగిపోయాడు.

"ఇదేటి బావా."

"సదువు," అన్నాడు మొహియుద్దీన్.

గవర్రాజు చదివాడు. మళ్ళీ చదివాడు. మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడ్డాడు. షబ్నం పిల్లని దగ్గరికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది. అతను కలం మూత తీశాడు. ఆ తెలుగు వాక్యం పక్కన అంతే పొడుగున ఇంగ్లీషులో రాసి, కలం మూత పెట్టి, హాలు చివరికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చాడు. రుమాలుతో దాని దుమ్ము దులిపాడు.

"కూచో అమ్మా," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "రోజంతా నిలబడలేవు."

షబ్నం చాచా వైపు చూసింది. ఆయన తల ఊపాడు. కూచుంది. షిరీన్ ఒళ్ళో కూచుంది.

పదకొండు దాటాక జ్యూరీ ఆయన వచ్చాడు. మెడలో భూతద్దం వేలాడుతోంది. ఒక్కో అట్టా చూసుకుంటూ వచ్చి మూడోదాని దగ్గర వంగాడు. కింద రాసింది చదివి, నిట్టూర్చాడు. "అయ్యో. నేను దీని కోసమే వచ్చాను."

"పళ్ళు చూడండి సార్," అన్నాడు గవర్రాజు. ఊరుకోలేకపోయాడు. "బిళ్ళ అంచున పళ్ళు. ఒక్కటి ఊడిందేమో చూడండి. రంగు దిగిందేమో చూడండి. రెండు సార్లు నీళ్ళు తగిలి కూడా అలా ఉందంటే, ఆ తీసిన చెయ్యి..."

జ్యూరీ ఆయన తలెత్తాడు. "రెండు సార్లా? ఇక్కడ ఒక్కసారి విడిపోయినట్టే రాశారు."

గవర్రాజు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మొహియుద్దీన్ మీసం చాటున నవ్వు ఆపుకుంటూ పైకప్పు చూశాడు.

"ఒకసారి మా బావ పొరపాటు సార్," అన్నాడు గవర్రాజు చివరికి, జేబులో కలం సర్దుకుంటూ. "రెండోది నాది. మద్దెలో జిగురెట్టించాను."

జ్యూరీ ఆయన గవర్రాజుని చూసి, ముసలాయన వణికే చేతిని చూసి, మళ్ళీ వంగి, లేబుల్ నాలుగు అంచులూ భూతద్దంలో చూశాడు. పైకి లేచి కుర్చీ వైపు తిరిగాడు.

"ఎవరు తీశారమ్మా ఇది? మీరేనా?"

"నానేనండి," అంది షబ్నం, కుర్చీలోంచి లేవకుండానే. "రెండు సార్లూ."